ఇరవై రెండు మిల్లీమీటర్ల కుళ్ళు

నాకు కుళ్ళు ఎక్కువ. చిన్నప్పుడు మా అమ్మ పక్కింటి పిల్లకి జడ వేసిందని రెండు రోజులు అన్నం మానేసిన దాన్ని. పెద్దయ్యాక తగ్గుతుందన్నారు గానీ తగ్గలేదు, చదువుతో పాటు అదీ పెరిగింది. ఎమ్మెస్సీ రెండో ఏడు వచ్చేసరికి నా కుళ్ళుని స్కేలు పెట్టి కొలవగలిగే పరిస్థితి వచ్చింది.

మేం చేసిన పని ఏమిటో ముందు చెప్పాలి. ఆకుల్ని ఆరబెట్టి, పొడి కొట్టి, ఆ పొడిని మెథనాల్ అనే ద్రావకంలో నానబెట్టి, వడకట్టి, ద్రావకమంతా ఆవిరైపోయాక మిగిలిన చిక్కటి పసరు తీస్తాం. చిన్న గాజు ప్లేటులో వేడి అగార్ పోస్తే అది లేత ముంజెలా గడ్డకడుతుంది. దాని మీద పుళ్ళల్లో చీము పుట్టించే బాక్టీరియాని దూదిపుల్లతో పులిమి, ఒక గుంట చేసి, ఆ గుంటలో పసరు చుక్కలు వేసి, ఇంక్యుబేటర్‌లో పెడతాం. మర్నాటికి ప్లేటంతా బాక్టీరియా తెల్లటి పొరలా అలుముకుంటుంది. పసరుకి దాన్ని చంపే గుణం ఉంటే గుంట చుట్టూ మాత్రం ఏమీ పెరగదు, ఖాళీగా ఒక వలయం మిగులుతుంది. ఆ వలయాన్ని కొలుస్తాం. వెడల్పు ఎంత ఎక్కువైతే ఆకు అంత గట్టిదన్నమాట. ఇంతే. దీనికి రెండేళ్ళు, ఒక డిగ్రీ.

నా వావిలాకు వలయం పదకొండు మిల్లీమీటర్లు. నా పక్కనే పనిచేసే పలాస పిల్ల తెచ్చిన గడ్డి చామంతి ఆకు వలయం ఇరవై రెండు.

ఇక మీదట ఆ పలాస పిల్లని ‘అది’ అనే అంటాను. మర్యాద తెలియక కాదు. రెండేళ్ళ పాటు నా టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టి పులిహోర తిన్న మనిషిని ‘ఆమె’ అంటే నాకే నవ్వొస్తుంది. అది నన్ను ‘పంతులమ్మా’ అని పిలిచేది. మా నాన్న టెక్కలిలో ఒక చిన్న శివాలయంలో అర్చకుడు. దానికి తండ్రి లేడు, వాళ్ళమ్మ పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీకి వెళ్ళి పిక్కలు కొట్టే పని చేసేది. దాని డబ్బా మాత్రం నేను ముట్టుకునేదాన్ని కాదు. ఉప్పుచేప ఉందేమోనని ఒక వంక. అది ఏమీ అనుకోనట్టే ఉండేది. అనుకోకపోవడం దానికి బాగా చేతనవును.

ఆకులంటే మా ఇంటి ఆస్తి అని నా నమ్మకం. వినాయక చవితికి ఊరంతా బజార్లో పత్రి కట్ట కొనుక్కుని, అందులో ఏముందో చూడకుండా పూజ కానిచ్చేస్తే, మా నాన్న ఇరవై ఒక్క ఆకులూ తనే కోసుకొచ్చేవారు. ఏ ఆకు ఏ గట్టు మీద దొరుకుతుందో నాకు ఎనిమిదేళ్ళకే తెలుసు. కోసే ముందు మొక్కకి దణ్ణం పెట్టాలి. పొద్దు వాలాక కోయకూడదు. కోసిన ఆకు నేల మీద పెట్టకూడదు, ఉతికిన బట్ట మీదే ఆరాలి. అందుకే ప్రాజెక్టుకి ఆకు ఎంచుకోమన్నప్పుడు నేను ఆ ఇరవై ఒక్కటిలోంచే వావిలి తీసుకున్నాను. బాలింతకి వావిలాకు నీళ్ళు పోయడం మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు. గెలుపు నాదే అనుకున్నాను.

అదేమో గడ్డి చామంతి తీసుకుంది. రైలుకట్ట పక్కన, కాలవ గట్ల మీద ఎవరూ నాటకుండా పెరిగే కలుపు మొక్క.

“ఇదేటే, దీనికి దణ్ణం పెట్టి కోశావా, కాలితో తొక్కి కోశావా?” అని వెక్కిరించాను.

“తొక్కే కోసేను. మాయమ్మ సేతులకి జీడి నూనె తగిలి బొబ్బలెక్కితే ఈ పసరే పిండుతాది. నిజంగా పనిసేత్తాదో, ఊరికే మనసుకి సల్లగుంటాదో సూద్దుం,” అంది.

జీడి పిక్క తొక్కలో నల్లటి నూనె ఉంటుంది. ఆ నూనె ఒంటికి తగిలితే కాలినట్టే బొబ్బలు లేస్తాయి. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకి బూడిదో ఆముదమో పులుముకుని కూర్చుంటారు. అయినా తగలాల్సింది తగులుతుంది.

ఆ ఏడు మా డిపార్టుమెంటుకి ఒక పెద్ద ప్రాజెక్టు వచ్చింది. అందులో మాలాంటి వాళ్ళకి ఉన్నది ఒక్కటే పోస్టు. ఆ పోస్టు దొరికినవాళ్ళు జీతం తీసుకుంటూ అక్కడే పీహెచ్‌డీ చేసుకోవచ్చు. అందరం ఒక రోజు సెమినార్‌లో మా సారు ముందు, వైజాగ్ నుంచి వచ్చే ఒక మేడం ముందు మా పని గురించి చెప్పాలి, వాళ్ళిద్దరూ కలిసి ఒకరిని ఎంచుతారు. నాకు రాకపోతే టెక్కలిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి సైన్సు చెప్పుకోవాలి. నాన్న ఆ స్కూలు వాళ్ళకి అప్పటికే మాట ఇచ్చేశారు. దానికి రాకపోతే వాళ్ళమ్మ వెళ్ళే ఫ్యాక్టరీలోనే జీడిపప్పు రకాలు ఏరే గ్రేడింగ్‌కి కూర్చోవాలి. ఇది నాకు తెలుసు. తెలిసే కుళ్ళుకున్నాను.

వలయాల సంగతికి ముందే నాకు దాని మీద కళ్ళు కుట్టడం మొదలైంది. ఆకుల సేకరణకని ఒకసారి సారు మా బ్యాచ్‌ని ఉద్దానం తీసుకెళ్ళారు. పూండిలో రైలు దిగి ఆటోల్లో సముద్రం వైపు వెళ్ళాం. జీడి తోటలు, పనస చెట్లు, కొబ్బరి చెట్లు, మధ్యలో ఇసక దారి. ఒక ఇంటి దగ్గర మేం ఆకులు కోస్తూంటే అరుగు మీది ముసలావిడ లేచి వచ్చింది.

“మందాకులా అమ్మా? కిడ్నీకేటైనా పనిసేత్తాదా?”

ఇంటింటా కిడ్నీ జబ్బు ఉన్న ఆ ఊళ్ళల్లో ఎవరైనా మొదట అడిగేది అదే. వాళ్ళాయన డయాలసిస్‌కి తిరుగుతున్నాడట. నేను ముందుకొచ్చి పుస్తకంలో ఉన్నదంతా ఏకరువు పెట్టాను. ఆకుల్లో చాలా రసాయనాలు ఉంటాయి మామ్మగారూ, మంచి గుణాలున్నాయి, ఇంకా పరిశోధనలు జరగాలి, ముందు ముందు ఏమైనా రావచ్చు. ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆవిడ మొహం వెలిగింది. ఆకు ఎలా నూరాలో అడగడానికి నోరు తెరిచింది కూడా.

అది వెళ్ళి అరుగు మీద ఆవిడ పక్కన కూలబడింది.

“నేదు మామ్మా. ఇది పుండు మీదికే. కిడ్నీకి కాదు. పసరు గానీ తాగించీసేవు తాతకి, మరీ సెడతాది. డాక్టరు ఏటి సెప్తే అదే సెయ్యి.”

ఆవిడ మొహం చిన్నబోయింది. అయినా మేం బయల్దేరేటప్పుడు లోపలికి వెళ్ళి పనస తొనలు తెచ్చి దాని చేతిలో పెట్టింది. నా చేతిలో పెట్టలేదు. ఆశ పెట్టినదాన్ని నేను, ఆశ తీసేసినది అది, తొనలు మాత్రం దానికా అని పూండిలో రైలెక్కి నౌపడాలో దిగేదాకా మొహం మాడ్చుకున్నాను. అది ముప్పాతిక తొనలు నాకే పెట్టింది. తిన్నాను. తియ్యగానే ఉన్నాయి. ఆ తీపికి ఇంకా ఒళ్ళు మండింది.

ఆ తర్వాత వచ్చింది ఇరవై రెండు మిల్లీమీటర్ల రోజు. పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీసి నా ప్లేటు వెలుతురుకి పట్టి చూసుకున్నాను. గుంట చుట్టూ సన్నటి వలయం. స్కేలు ఎటు తిప్పినా పదకొండే. ఫరవాలేదులే, ఆకు పసర్లకి ఇది మంచిదే అనుకుంటూ దాని ప్లేటు తీశాను. అంత పెద్ద ఖాళీ చూసి, అగార్ ఊడిపోయిందేమోనని అనుమానపడ్డాను. ఊడలేదు. ఉత్త మెథనాల్ పోసిన గుంట చుట్టూ ఏమీ లేదు, అంటే ద్రావకం చేసిన పని కాదు. పోలిక కోసం పెట్టిన యాంటీబయాటిక్ మందు బిళ్ళ చుట్టూ ఉన్న వలయంతో పోటీ పడుతూ ఉంది గడ్డి చామంతి.

సారు పరిగెత్తుకొచ్చారు. “పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ పిల్ల రైలుకట్ట మీది కలుపు తెచ్చి ఏం చేసిందో చూడండి!” అని అందర్నీ పిలిచి చూపించారు. మళ్ళీ చేయమన్నారు. రెండుసార్లు చేసింది. ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఆ రోజు నుంచి సారు ల్యాబ్‌లోకి రాగానే ముందు దాని బల్ల దగ్గరకే వెళ్ళేవారు. నా దగ్గరకి వచ్చినా, “నీదీ బాగానే ఉందమ్మా,” అనేవారు. ఆ ‘నీదీ’ అన్న మాటకి నాకు రెండు రోజులు జ్వరం వచ్చినంత పనైంది.

“మీ ఇంటికి వస్తానే ఒకసారి,” అన్నాను ఆ వారమే. దాని ఆకులో ఏదో కిటుకు ఉందనీ, అది నాకు చెప్పకుండా దాస్తోందనీ నా అనుమానం.

అది నమ్మలేనట్టు చూసింది. “మా ఇంటికా? నిజంగా వత్తావా పంతులమ్మా?” రెండేళ్ళలో నేను ఆ మాట అనడం అదే మొదలు. దాని సంతోషం చూసి కాస్త సిగ్గేసింది గానీ, ఆ సిగ్గు బస్సెక్కేదాకా కూడా నిలవలేదు.

కాశీబుగ్గలో బస్సు దిగి ఆటోలో వెళ్ళాం. ఆ వీధుల్లోకి వెళ్ళేసరికే జీడి కాల్చే వాసన ముక్కుకి తగులుతుంది. ఒక గది ఇల్లు, ముందు రేకుల పంచ. నా కోసం వాళ్ళమ్మ ఆ పూట పని మానుకుంది. నన్ను చూడగానే కుర్చీ తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

“కూకో అమ్మా. మా ఇంట్ల మీరు తినరు గావాల. అరటిపండైతే దోసం నేదు కదమ్మా? టీ గలాసు కొత్తదే, నిన్ననే కొన్నాం.”

ఆవిడ వేళ్ళ చివర్లు నల్లగా మాడి, తోలు లేచిపోయి ఉన్నాయి. గ్లాసుని వేళ్ళతో పట్టుకోకుండా చీర చెంగుతో పట్టుకుని అందించింది. నేను టీ తాగాను. చాలా బాగుందని చెప్పాను. ఆవిడ కూతురి వైపు చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు.

“రా, నీకు నా ఆకులు సూపిత్తాను,” అని అది నన్ను పంచలో మూలకి లాక్కెళ్ళింది.

అక్కడ కొత్త కోత ఆకు ఆరుతోంది. దాని కింద పరిచి ఉన్నది ఒక గోనె సంచి. విప్పదీసి పరిచారు. నల్లగా, జిడ్డుగా, అట్టకట్టి ఉంది. పక్కనే అలాంటివే రెండు సంచుల నిండా జీడి తొక్క, పొయ్యిలోకి. ఆరిన ఆకు ఎక్కడ పెడతావని అడిగితే, అలాంటి సంచిలోనే మూట కట్టి కాలేజీకి తెచ్చేదాకా దండెం మీద పెడతానంది.

“నీడలో ఆరబెట్టమన్నారు కదా సారు. మాకు నీడ ఉన్నది ఇక్కడే. దుప్పటి పరుద్దుమంటే మాయమ్మ ఒప్పుకోనేదు, ఆకు మరక పడితే వదలదంట.”

నాకు ఒక్క చూపులో తెలిసిపోయింది. ఒంటి తోలు ఊడగొట్టే నూనె బాక్టీరియాని ఊరికే వదిలేస్తుందా? ఆ సంచి జిడ్డూ, తొక్కల పొడీ ఆకులోకి దిగాయి. ఆకుతో పాటు మెథనాల్‌లో నానాయి. ఆ ఇరవై రెండు మిల్లీమీటర్లు గడ్డి చామంతివి కావు, జీడి తొక్కవి. తినే వస్తువైతే వాళ్ళు ఛస్తే ఆ సంచి మీద వేసేవాళ్ళు కాదు. కాలేజీ ఆకులు కదా, ఎవరు తింటారని వేశారు. పలాసలో ఏ గుమ్మం ముందు చూసినా ఆ సంచులు ఉంటాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాళ్ళ కళ్ళకి అవి ఆనవు. ఉతికిన బట్ట మీద తప్ప ఆకు పెట్టని ఇంట్లో పెరిగిన నాకు మాత్రం వెంటనే ఆనింది.

‘ఇదేటే, దీని మీదా ఆరబెట్టావు?’ అని అప్పుడే అనాలి. మాట నోటి దాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసి వాళ్ళమ్మ దగ్గరకి వెళ్ళాను.

“పిన్నీ, ఇలాంటి పాత సంచి ఒకటి ఇస్తారా? మా పెరట్లో నూతి దగ్గర పరుచుకుంటాం, జారకుండా.”

మా ఇంట్లో నుయ్యే లేదు. ఆవిడకి మాత్రం పండగైంది. పంతులుగారి ఇంటికి తన దగ్గర్నుంచి ఏదో వెళ్తోందని. ఉన్నవాటిలో మంచిది ఏరి, వీధిలోకి తీసుకెళ్ళి దులిపి, నాలుగు మడతలు పెట్టి, నా చేతికి జిడ్డు అంటకుండా కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఆ సంచిలోంచి ఒక ముక్క కోసి, ఆకు లేకుండా ఉత్తినే మెథనాల్‌లో నానబెట్టాను. అది సెలవు పెట్టిన రోజు చూసి ప్లేటు వేశాను. మర్నాడు ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. ల్యాబ్‌లో ఎవరూ లేరు. నేను గట్టిగా నవ్వాను. అంత సంతోషం ఎమ్మెస్సీలో సీటొచ్చినప్పుడు కూడా కలగలేదు.

అప్పటికి సెమినార్‌కి మూడు వారాలు ఉంది. చెబితే సరిపోయేది. అది కొత్త ఆకు కోసి, బట్ట మీద ఆరబెట్టి, మళ్ళీ ప్లేటు వేసుకునే వ్యవధి ఉంది. అందుకే చెప్పలేదు. చెబితే దిద్దుకుంటుంది. దిద్దుకుంటే, చూడండి ఎంత నిజాయితీ అని సారు మళ్ళీ దాన్నే మెచ్చుకుంటారు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఎవరో. నా ఏడుపు ఆ రకం. నా పదకొండు పెరగకపోయినా సరే, దాని ఇరవై రెండు పదిమందిలో పడిపోవాలి.

ఆ మూడు వారాలూ నేను దానికి సాయం చేశాను. ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలో నేర్పాను. స్లైడ్లలో తప్పులు దిద్దాను. ‘ఇరవై రెండు’ అన్న అంకెని పెద్ద అక్షరాలతో పెట్టమని సలహా ఇచ్చింది కూడా నేనే. “నువ్వు నేకపోతే నానేటైపోదునో పంతులమ్మా,” అనేది.

సెమినార్ రోజు నేను ముందు మాట్లాడాను. పదకొండు మిల్లీమీటర్లు, మర్యాదగా చప్పట్లు. దాని వంతు చివర్లో వచ్చింది. నేను నేర్పిన ఇంగ్లీషు సగంలో తప్పిపోయి తెలుగులోకి దిగిపోయింది. అలా దిగాకే బాగా చెప్పింది. వాళ్ళమ్మ చేతుల సంగతి చెప్పినప్పుడు వైజాగ్ మేడం పెన్ను పక్కన పెట్టి విన్నారు. ఇక పోస్టు ఎవరిదో అందరికీ తెలిసిపోయింది.

“ఎవరైనా ఏమైనా అడుగుతారా?” అన్నారు సారు.

నేను లేచాను. ఇంట్లో రెండుసార్లు అద్దం ముందు అనుకుని వచ్చిన మాట.

“ఆకులు దేని మీద ఆరబెట్టావు?”

అది ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత మామూలుగా, “గోనె సంచి మీద,” అంది.

“ఆ సంచిలో అంతకు ముందు ఏముండేది?”

దాని మొహంలో విషయం దిగడం నేను చూశాను. ఒక్కో మెట్టూ దిగినట్టు దిగింది. నేను బ్యాగ్‌లోంచి నా ప్లేటు ఫొటో తీసి మేడం ముందు పెట్టాను. ఇది ఉత్త సంచి ముక్క పసరు మేడం, ఇందులో ఆకు లేదు, ఇరవై నాలుగు. హాల్లో గుసగుసలు. సారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

అది తడుముకోలేదు. “నిజమే మేడం. ఆ సంచుల్లో జీడి తొక్క ఉంటాది. నాకు తట్టలేదు. అయితే ఈ వలయం ఆకుది అని నేను సెప్పకూడదు. మళ్ళీ సేత్తాను,” అంది. అంతే. ఏడవలేదు, నన్ను తిట్టలేదు.

మేడం ఫొటో చూసి, అద్దాలు తీసి, నా వైపు తిరిగారు. మెచ్చుకుంటారనుకుని నిలబడ్డాను.

“మంచి ప్రశ్నే అడిగావు. ఈ సంచి నువ్వెప్పుడు చూశావమ్మా?”

ఆ ఒక్కటీ నేను అద్దం ముందు అనుకుని రాలేదు.

“వాళ్ళింటికి... వెళ్ళినప్పుడు.”

“ఎప్పుడు వెళ్ళావు?”

“మూడు వారాలు... అయింది.”

“మూడు వారాలా? ఒకే ల్యాబ్‌లో ఉంటారు కదా మీరిద్దరూ. మరి ఆ అమ్మాయికి చెప్పలేదా?”

నా చెవులు వేడెక్కిపోయాయి. తల దించుకుని నా చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాను. పోస్టు చెయ్యి జారిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. పోస్టొక్కటే కాదు, ఆ హాల్లో ఉన్న నలభై మందిలో ఇకమీదట నా మొహం ఎవరికీ చూపించలేను.

“సెప్పింది మేడం,” అంది అది.

నేను తలెత్తి చూశాను. అది నా వైపు చూడడం లేదు. మేడం వైపే చూస్తోంది.

“ఆ రోజే సెప్పింది. సంచి మీద వద్దే, బట్ట మీద ఆరబెట్టవే అంది. ఎందుకందో నాకు తట్టలేదు, నేనే ఇనలేదు.”

మేడం నన్ను అడిగారు. “అంతేనా అమ్మా?”

“అవును మేడం,” అన్నాను.

పోస్టు నాకు వచ్చింది. జాగ్రత్త ఉన్న అమ్మాయి, స్నేహితురాలైనా మొహమాటపడకుండా అడిగింది, పైగా ముందే హెచ్చరించింది అని మేడం రాశారట, తర్వాత సారు చెప్పారు. దాని గురించి, చెప్పినా వినని మనిషి పరిశోధనకి పనికిరాదు అన్నారట. ఈ మాట కూడా సారే చెప్పారు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర దాన్ని ఆపాను. “ఎందుకలా చెప్పావే?” అని అడిగాను. థాంక్స్ చెప్పడానికి కాదు. నాకు నిజంగానే అర్థం కాలేదు.

“మరేటి సెయ్యమంతావు? పదిమందిలో నువ్వలా తల దించుకుంటే నాను సూత్తూ కూకుంటానేటి? మా ఇంటికొచ్చి టీ తాగిన మనిసివి. నువ్వొచ్చెళ్ళేక మాయమ్మ వారం రోజులు వీధంతా సెప్పుకుంది.” కాసేపు బ్యాగ్ పట్టీ సర్దుకుంది. “ఒక్కటి సెప్పు. సూసినప్పుడే నాకెందుకు సెప్పనేదు?”

“మర్చిపోయాను,” అన్నాను.

“పోన్లే,” అని మెట్లు దిగి, పలాస బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

వలయం గోనె సంచిదని తేలింది, పోస్టు నాకొచ్చింది, ఇక నా కుళ్ళు చల్లారాలి కదా. చల్లారలేదు. ఇంకా పెరిగింది. మిల్లీమీటర్లయితే మళ్ళీ ప్లేటు వేసి దాటొచ్చు. ఆ హాల్లో అది అన్న మాట నాకు ఏ జన్మకీ నోట్లోంచి రాదు. ఎంత ప్రయత్నించినా రాదని నాకు తెలుసు. నా నోట్లోంచి రాని మాట దానికి క్షణంలో, ఆలోచించకుండా ఎలా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో మండుతుంది. కృతజ్ఞత ఉండాల్సిన చోట ఇది ఉంది.

అది వెళ్ళేలోపు ప్రాజెక్టు పూర్తి చేసింది. కొత్త ఆకు కోసి, ఈసారి మంచి దుప్పటి మీద ఆరబెట్టి ప్లేటు వేసింది. పది మిల్లీమీటర్లు. నా కన్నా ఒకటి తక్కువ. ఆ ఒక్కటికీ నేను సంతోషించానని ఒప్పుకుంటున్నాను. దాని రిపోర్టులో పదీ రాసింది, సంచి సంగతీ రాసింది. వాళ్ళమ్మకి మాత్రం, ఆకు పనిచేస్తుంది, కాస్తే పనిచేస్తుంది అని చెప్పిందట. అది నిజమే.

ఒక ఏడాది గ్రేడింగ్‌లో కూర్చుంది. తర్వాత భీమిలి దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. రోజంతా ప్లేట్లే. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. వాళ్ళమ్మ పని మానేసిందనీ, చేతులు తేరుకున్నాయనీ చెప్పింది. ఆ రోజు ఊసు మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్లు తిడితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. అది నాకు ఆ వీలు కూడా ఇవ్వలేదు.

నేను పీహెచ్‌డీ పూర్తి చేసి టెక్కలిలోనే డిగ్రీ కాలేజీలో చెబుతున్నాను. ఏటా మొదటి నెలలో ఆకు పసర్ల పాఠం వస్తుంది. ప్రయోగంలో ప్రతి చిన్న వస్తువూ ఎందుకు సరిచూసుకోవాలో చెప్పడానికి గోనె సంచి కథ చెబుతాను. పేర్లు చెప్పను. మా క్లాసులో ఒక అమ్మాయి అంటాను. జీడి తొక్క అనగానే పిల్లలు నవ్వుతారు, సగం మంది ఇళ్ళల్లో ఆ సంచులు ఉన్నాయి మరి. మీరెలా కనిపెట్టారు మేడం అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం నాకు ఇష్టం.

ఈ ఏడు రెండో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. మందస నుంచి వస్తుంది, ఏదీ ఊరికే వదలదు.

“మేడం, మీరు ఆవిడకి ముందే సెప్పలేదా?”

“చెప్పానమ్మా.”

“మరెందుకు ఇనలేదండీ?”

ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టొచ్చు. ఆ పిల్ల పెన్ను పట్టుకుని, నేను చెప్పేది రాసుకోవడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

“ఆశ,” అన్నాను. “అంత పెద్ద వలయం చూశాక ఎవరికి వినబుద్ధవుతుంది చెప్పు?”

అయ్యో పాపం అన్నట్టు క్లాసంతా తలూపింది. ఆ పిల్ల కూర్చుని ఆ మాట నోట్సులో రాసుకుంది.